సాహిత్యం చదివితే ఏమొస్తుంది?

కువైట్‌లో మన ఇళ్ళలో పిల్లలు పదో తరగతి దాటేరంటే మాట్లాడుకునేది రెండే చదువులు. మూడోది మా కుటుంబంలో వచ్చి పడింది. మా అక్క కూతురికి బయాలజీలో మంచి మార్కులే వస్తున్నాయి. అయినా మెడిసిన్ వద్దు, ఇంగ్లీషు సాహిత్యం చదువుతాను, కథలు వ్రాయడం నేర్చుకుంటాను అంటోంది. 2021లో నీట్ పరీక్షకు ఇక్కడే కేంద్రం పెట్టినప్పుడు మా బావగారు పండగ చేసుకున్నారు. ఇప్పుడాయన మనసు ఎలా ఉందో మీరే ఊహించుకోండి. ఇంట్లో డాక్టరును నేనొక్కదాన్నే గనక, నచ్చజెప్పే పని నా నెత్తిన పడింది.

బావగారి వాదన ఇది: "శ్రీశ్రీ చదివింది జువాలజీ. కుటుంబరావు చదివింది ఫిజిక్సు. రావిశాస్త్రి ప్లీడరు. కొమ్మూరి వేణుగోపాలరావు మీ డాక్టరే. వీళ్ళెవరికీ కథలు వ్రాయడం యూనివర్సిటీ నేర్పలేదే! ముందు ఎంబీబీఎస్ కానియ్యమ్మా, తరవాత వ్రాసుకోమను."

వినడానికి బాగానే ఉంది. కాని బతికిన రోగుల్ని మాత్రమే లెక్కపెట్టి మందు పనిచేసిందంటే మా ప్రొఫెసర్లు ఊరుకునేవారు కాదు. డాక్టర్లయి వ్రాసినవాళ్ళు సరే, డాక్టర్లయి తరవాత తరవాత అనుకుంటూ ఉండిపోయినవాళ్ళెంతమంది? డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రిలో పనిచేస్తూ నవలలు వ్రాసిన కేశవరెడ్డిగారి ఓపిక అందరికీ ఉండదు. డాక్టర్ పి. శ్రీదేవి 1961లో, ముప్ఫై రెండేళ్ళయినా నిండకుండా పోయింది. తరవాత చూద్దామనుకుని ఉంటే "కాలాతీత వ్యక్తులు" ఉండేది కాదు, ఇందిర ఉండేది కాదు.

వ్రాయడం ఒకరు నేర్పేదా అని అందరూ అడుగుతారు. మరి రోగి మాట వినడం మాకు నేర్పలేదా? కాకినాడ రంగరాయలో మమ్మల్ని వార్డులోకి తోలి, రోగి బాధని రోగి మాటల్లోనే వ్రాయమనేవారు. నీ ఊహ కలపకూడదు. ఎన్నాళ్ళనుంచీ అన్నది మరవకూడదు. తరవాత మంచం పక్కన నిలబడి పదిమంది ఎదట చదవాలి. మనం వదిలేసిందే సార్ అడుగుతారు! అమెరికాలో అయోవా యూనివర్సిటీ 1936లో మొదలుపెట్టిన రచయితల శిక్షణ కూడా ఇలాంటిదే. వ్రాసినదాన్ని తోటివాళ్ళు ముందే చదివి వస్తారు, వ్రాసినవాళ్ళు నోరు మూసుకుని వినాలి. ప్రతిభ ఎవరూ ఇవ్వలేరు గాని చెవికి తర్ఫీదు ఇవ్వచ్చు.

పిల్ల నోటుబుక్కు నాకిచ్చింది. వాళ్ళింట్లో పనికి వచ్చే రాయచోటి ఆవిడ మీద కథ. చల్లనీళ్ళ కుళాయిలో కూడా వేడినీళ్ళే వచ్చే జూలై నెల (మీకు చెప్పాలా!). ఆవిడ కాలిన చేతిని ఫ్రిజ్‌నీళ్ళ గిన్నెలో పెట్టుకుని, రెండో చేత్తో ఫోను పట్టుకుని కొడుకుతో "బాగుండాను నాయనా, నువ్వు తింటివా?" అంటుంది. కథంతా ఇంగ్లీషు, ఆ ఒక్క మాటా వచ్చీరాని తెలుగు అక్షరాల్లో. ఆవిడ ఏడ్చిందని ఎక్కడా లేదు. కాలిన చేతికి నేను మందు వ్రాయగలను, ఆ ఫోను మాట నేనలా వ్రాయలేను. బావగారు కూడా చదివేరు. కథ బాగుందనలేదు, లేదనలేదు. "ఆవిడ చెయ్యి ఎప్పుడు కాలింది? నాకెవరూ చెప్పలేదేం?" అని అక్కనడిగేరు.

ఆయన భయాన్ని నేను తీసిపారెయ్యను. ఇకామా ఉన్నన్నాళ్ళే ఇక్కడ మన బతుకు, కూడబెట్టేది పిల్లల చదువే. సాహిత్యం చదివితే పాఠాలు చెప్పుకోవచ్చు, పత్రికల్లో చేరవచ్చు, అనువాదాలు చెయ్యవచ్చు. డాక్టరు జీతం రాదు. దాచకుండా ఆ మాటే చెప్పేను. "తెలుసు పిన్నీ" అంది.

పిల్ల కన్ను హైదరాబాదు ఇఫ్లూ మీద ఉంది. 1958లో ఇంగ్లీషు టీచర్ల శిక్షణకు పెట్టిన సంస్థ, 2007లో కేంద్ర విశ్వవిద్యాలయమైంది. దూరవిద్యలో అయితే ఇగ్నో సృజనాత్మక రచనకే డిప్లొమా పెట్టింది. మన తెలుగు ఎం.ఏ.లో ఎక్కువ భాగం కావ్యాలు, వ్యాకరణం, ఛందస్సు. అవి కావలసినవే, కాని కథ వ్రాయించి దిద్దే క్లాసు కూడా ఉంటే ఈ పిల్లని నేను అటే పంపమనేదాన్ని.

బావగారు ఇంకా ఔననలేదు. నీట్ పుస్తకాలు బల్లమీదే ఉన్నాయి. ఈలోగా శుక్రవారాలు పిల్ల సాల్మియా నుంచి జహ్రా వస్తోంది. "తింటివా"లో సున్న ఎక్కడ పెట్టాలో మొన్ననే తేల్చుకున్నాం.