సొదొమ పాపమేది?

మా యింట రాత్రి భోజనమునకు ముందు కుటుంబ ప్రార్థన జరుగును. వాక్యము చదువు పని చిన్ననాటినుండి నాదే. నా యనురాగము స్త్రీలయందు గాక పురుషులయందే కలుగుచున్నదని పదునాఱవ యేట గ్రహించితిని. ఆ సంవత్సరముననే మా సంఘపు బోధకుడు సొదొమపై అగ్ని కురిసిన కథ నెత్తికొని, ఆ యగ్ని పురుషుని గోరు పురుషుల కొఱకే కురిసెనని ప్రసంగించెను. స్త్రీల వరుసలో గూర్చుండిన మా యమ్మ తలయూపెను. అది మొదలు ఆదికాండము 19వ అధ్యాయము వచ్చినప్పుడెల్ల నా గొంతు వడకుచుండెడిది.

గ్రంథమును విడుచుటయా, నన్ను నేను ద్వేషించుకొనుటయా యని చాలకాలము పరితపించితిని. తుదకు, ఒరులు చెప్పినదానిని ప్రక్కనుంచి, వ్రాయబడినదానినే చదువ నారంభించితిని.

సొదొమలో జరిగినదేమి? లోతు తన యింట నాశ్రయమిచ్చిన పరదేశులను బలాత్కరింప నా యూరి పురుషులు ఇల్లు ముట్టడించిరి. అది దౌర్జన్యమే కాని ప్రేమ కాదు. అతిథులను రక్షించుటకై లోతు తన కుమార్తెల నప్పగింప బూనెను; ఆ కార్యము మనకు ధర్మమని యే బోధకుడును జెప్పడు. యెహెజ్కేలు ప్రవక్త తన గ్రంథము 16వ అధ్యాయమున సొదొమ దోషములను లెక్కించుచు గర్వమును, ఆహారసమృద్ధిని, నిర్విచారమైన సుఖమును, దీనులకు సాయపడకుండుటను జెప్పెను. తరువాతి వచనమున హేయకృత్యముల మాటయు గలదు. అవి యెట్టివో యాతడు వివరింపలేదు.

లేవీయకాండమును నేను దాచను. పురుషుడు పురుషునితో శయనింపరాదని 18వ అధ్యాయము నిషేధించుచున్నది. 20వ అధ్యాయము మరణదండనము విధించుచున్నది. కాని రెండు విధముల దారములు కలిపి నేసిన వస్త్రము ధరింపరాదనియు నా కాండమే చెప్పుచున్నది. మన మట్టి వస్త్రములనే ధరించి దేవాలయమునకు బోవుచున్నాము. ఏ విధిని విడువవలయునో, దేనిని నిలుపవలయునో నిర్ణయించునది మనమే యైనప్పుడు, ఆ నిర్ణయమునకు హేతువు చెప్పవలసిన భారమును మనదే కదా!

పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలోని రెండు గ్రీకు పదములను కలిపి, 1946లో వెలువడిన సవరించిన ఆంగ్ల క్రొత్త నిబంధనయందు స్వలింగ ప్రియులను నర్థమిచ్చు నొక్క మాట వేసిరి. 1971లో ఆ మాటను మార్చిరి. రెండవ పదమున కర్థమేమో పండితు లింకను వాదించుచున్నారు. ఇంత సందిగ్ధమైన పదమునుబట్టి యొకని జీవితమునకు తీర్పు చెప్పుట న్యాయమా?

గ్రంథమే గ్రంథమును సంస్కరించిన తావు గలదు. ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయము నపుంసకుని సమాజమున జేరనీయదు. యెషయా 56వ అధ్యాయము, నిబంధన గైకొను నట్టివానికి కుమారులకంటెను శ్రేష్ఠమైన పేరును వాగ్దానము చేయుచున్నది. అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయమున, ఆ యెషయా గ్రంథమునే చదువుచుండిన ఐతియొపీయుడగు నపుంసకునికి ఫిలిప్పు బాప్తిస్మ మిచ్చెను.

2018 సెప్టెంబరు 6న మన సర్వోన్నత న్యాయస్థానము, వయస్సు వచ్చినవారి పరస్పర సమ్మతమైన స్వలింగ సాంగత్యము నేరము కాదని తీర్పు చెప్పెను. శాసనము మాఱినంతనే ఇంటివారి మనస్సు మాఱదు. ఒక రాత్రి ప్రార్థనలో యెహెజ్కేలు వచనము చదివి, నా సంగతి తలిదండ్రులకు దెలిపితిని. నాన్నగారు మాటాడక లేచి లోపలికి బోయిరి. అమ్మ చాలసేపటికి, "నాయనా, ఆ వచనము మఱల చదువుము" అనెను. చదివితిని. ఆమె నేటికిని నాతో నేకీభవింపలేదు. కాని నన్ను వెళ్లుమని యనలేదు.

చదువరులారా! కన్నబిడ్డను గడప దాటించి సొదొమ కథను చేతబట్టు గృహస్థుడు, ఆ కథలో తా నే పక్షమున నిలిచియున్నాడో యోజింపవలయును. పరదేశులను లోనికి బిలిచినవాడు లోతు. ఆ తలుపు పగులగొట్ట జూచినవారు సొదొమ పురవాసులు.