చందుపట్లలో రుద్రమ పేరు

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే దారిలో నకిరేకల్‌ని మీరు చాలాసార్లు దాటే ఉంటారు. బస్సులో నిద్రపోతూనో, ఫోన్ చూసుకుంటూనో. నేనూ అంతే. మాది నల్గొండ జిల్లానే, అయినా నకిరేకల్ అంటే నాకు తెలిసింది నిమ్మకాయల మార్కెట్ ఒక్కటే. కాకతీయుల రాణి రుద్రమదేవి ఎప్పుడు చనిపోయిందో చెప్పే రాయి ఆ పక్క ఊళ్లోనే ఉందని ఈ మధ్యే తెలిసింది. ఊరి పేరు చందుపట్ల.

వెళ్దామని చెబితే ఫ్రెండ్స్ అందరూ ‘సూపర్’ అన్నారు, శనివారం పొద్దున్నకి ఒక్కరూ రాలేదు. చివరికి అమ్మ వచ్చింది. స్కూటీ వెనకాల కూర్చుని, కొంగు నడుముకి దోపుకుని, “గా రాయి సూడనీకి ఇంత దూరమా బిడ్డా?” అని దారి పొడుగునా గొణుగుతూనే ఉంది.

అమ్మ గురించి ఒక ముక్క ఇక్కడే చెప్పాలి. మా ఊరికి ఐదేళ్లు సర్పంచ్‌గా చేసింది. 2013లో సీటు మహిళలకు రిజర్వ్ అయింది. నాయిన నిలబడాలనుకున్న చోట అమ్మ నిలబడి గెలిచింది. నేనప్పుడు ఎనిమిదో క్లాసు. ఇంటికొచ్చిన వాళ్లంతా “సర్పంచ్ సాబ్ ఉన్నడా?” అని అడిగేవాళ్లు. సాబ్ అంటే నాయిన. అమ్మ లోపలినుంచి చాయ్ తెచ్చేది. ఈ కథ తెలుగు రాష్ట్రాల్లో మా ఒక్క ఇంటిది కాదని మీకూ తెలుసు. పంచాయతీల్లో సగం సీట్లు ఆడవాళ్లవే. ‘సర్పంచ్ భర్త’ అనే పదవి మాత్రం ఏ చట్టంలోనూ లేకుండానే నడిచిపోతోంది.

సరే, రాయి దగ్గరికి పోదాం.

నకిరేకల్‌లో హైవే దిగి లోపలికి వెళ్తే పొలాలు, బత్తాయి, నిమ్మ తోటలు. అరుగు మీద కూర్చున్న ఒక పెద్దాయన్ని అడిగితే, “రుద్రమ శాసనమా? గట్ల పోండ్రి” అని చేత్తో చూపించాడు. “సీన్మ వచ్చినప్పుడు మస్తు మంది వచ్చిండ్రు, ఇప్పుడు ఎవలు రారు” అని కూడా అన్నాడు. ఆయన చెప్పేది 2015లో గుణశేఖర్ తీసిన ‘రుద్రమదేవి’ గురించి. నిజం చెప్పాలంటే మా బ్యాచ్‌లో చాలామందికి రుద్రమ అంటే అనుష్క, గోన గన్నారెడ్డి అంటే అల్లు అర్జున్. అక్కడితో మా చరిత్ర పాఠం అయిపోతుంది.

రాయి చూడగానే అమ్మ ముఖంలో నిరాశ. “గిదేనా?” అంది. నాకూ లోపల అదే మాట. కోట లేదు, బురుజు లేదు, టికెట్ కౌంటర్ లేదు. ఒక నాపరాయి లాంటి బండ, దాని మీద వరసగా గీతలు. దగ్గరికి వెళ్తే అవి అక్షరాలని తెలుస్తుంది. తెలుగే, కానీ మనం బడిలో దిద్దిన అక్షరాలకి ముత్తవ్వ లాంటి అక్షరాలు. ఒకటీ రెండూ తెలిసినట్టే ఉంటాయి, మూడో దాని దగ్గర ఆగిపోతాం. నేను ముందే చదువుకుని వచ్చాను కాబట్టి అమ్మకి చెప్పడం మొదలుపెట్టాను.

శక సంవత్సరం 1211, విరోధి నామ సంవత్సరం, మార్గశిర శుద్ధ ద్వాదశి. మన క్యాలెండర్‌లో 1289 నవంబర్ 27. (2009లో మనం చేసుకున్న ఉగాది కూడా విరోధే. అరవై ఏళ్ల చక్రం పన్నెండుసార్లు తిరిగిందన్నమాట.) కాకతి రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకానికి వెళ్లారని, వాళ్ల పుణ్యం కోసం ఇక్కడి సోమనాథ దేవుడికి భూమి ఇస్తున్నానని పువ్వుల ముమ్మడి అనే ఆయన వేయించిన శాసనం ఇది.

“ముమ్మడి ఎవలు? రాజా?”

“కాదమ్మా. మల్లికార్జున నాయకుడి కింద పనిచేసినవాడు.”

అమ్మ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత రాయి దగ్గరే చెప్పులు విడిచి కూర్చుంది.

నాకు ఈ శాసనంలో నచ్చింది అదే. దాదాపు మూడు దశాబ్దాలు తెలుగు నేలను ఏలిన మనిషి చనిపోయిందన్న సంగతి, తారీఖు సహా మనకి అందింది ఏ ఆస్థాన కవి రాసిన కావ్యంలోంచో కాదు. ఒక సైనికోద్యోగి తన ఊరి గుడికి పొలం రాసిస్తూ చెప్పిన నాలుగు మాటల్లోంచి. ఎలా చనిపోయిందో ఆ రాయి చెప్పదు. రాణీ, సేనానీ ఇద్దరి పేర్లూ కలిపి ఉండటం వల్ల, ఇద్దరూ యుద్ధంలోనే పోయి ఉంటారని చరిత్రకారుల అంచనా. ఎదురుగా ఉన్నవాడు కాయస్థ అంబదేవుడు అంటారు. కాకతీయుల కింద సామంతుడిగా ఉండి ఎదురు తిరిగినవాడు. మరుసటి ఏడాది, 1290లో, త్రిపురాంతకం గుళ్లో తన విజయాలన్నీ ఏకరువు పెడుతూ అతను వేయించుకున్న శాసనం ఇప్పటికీ ఉంది. గెలిచినవాడి రాయి పెద్దగానే మాట్లాడుతుంది.

మహారాజా, మహారాణా?

“గిండ్ల ఏమని రాసిండ్రు, మహారాణి అనా?” అని అడిగింది అమ్మ.

ఇది మంచి ప్రశ్న. గణపతిదేవుడికి కొడుకులు లేరు. 1260 ప్రాంతంలో కూతురి చేతికి రాజ్యం వచ్చింది. ఆ తర్వాతి శాసనాల్లో చాలా చోట్ల ఆమె పేరు ‘రుద్రదేవ మహారాజు’. చదివేవాడికి ముందే తెలియకపోతే మగరాజు అనే అనుకుంటాడు. సింహాసనం మీద ఆడమనిషి కూర్చున్నా, కాగితం మీద మగపేరు ఉంటే గానీ సామంతులు తల వంచరని ఆ రోజుల లెక్క. సినిమాలో చూపించినట్టు చిన్నప్పటి నుంచీ అబ్బాయిగా దాచి పెంచారన్నది కథకి బాగుంటుంది. కానీ ఆమె ఆడమనిషన్నది దాపరికమేం కాదు.

ఎందుకంటే పోయిన డిసెంబర్‌లో వరంగల్ కోటలో నేను చూసిన శిల్పం అలా లేదు. నాలుగు వైపులా నాలుగు తోరణాలు నిలబడి ఉంటాయి కదా, తెలంగాణ రాజముద్రలో ఉన్నది ఆ తోరణమే. వాటి మధ్యలో పడి ఉన్న స్వయంభూ శివాలయం శిథిలాల్లో, సింహం మీద కూర్చుని కత్తీ డాలూ పట్టుకున్న స్త్రీ శిల్పం ఉంది. అది రుద్రమే అంటారు పండితులు. దేవగిరి యాదవుల్ని తరిమికొట్టాక ఆమె ఈ గుడికి రంగమంటపం కట్టించిందని, ‘రాయగజకేసరి’ అన్న తండ్రి బిరుదు తనూ పెట్టుకుందని చెబుతారు. శత్రురాజులనే ఏనుగులకి సింహం అని అర్థం. రాతలో మహారాజు. రాతిలో మాత్రం సింహం మీద ఆడమనిషి. మా గ్యాంగ్ అక్కడ తోరణం ముందు రీల్ చేసుకుని ఖుష్‌మహల్ వైపు వెళ్లిపోయింది. నేనూ వాళ్లతోనే వెళ్లాను, ఇంటికొచ్చాకే ఇదంతా చదివి తల కొట్టుకున్నాను.

ఇంకో ముచ్చట. దేవగిరి ఆస్థానంలో హేమాద్రి అనే మంత్రి ఉండేవాడు. యాదవ మహాదేవుడు రుద్రమని చంపకుండా వదిలేశాడని, ఆడది కాబట్టి వదిలేశాడని ఆయన రాసుకున్నాడు. అమ్మకి ఇది చెబితే పకపకా నవ్వింది. “ఓడిపోయినోళ్లు గట్లనే అంటరు బిడ్డా. మా వార్డ్ మెంబర్ గూడ గట్లనే అనెటోడు, ఆడామె అని ఊకున్న అని.”

అమ్మ ఆఫీసు మాటలు ఇలా నవ్వుతూ చెప్పడం నేనెప్పుడూ వినలేదు.

ఇటలీ వ్యాపారి చెప్పింది

రుద్రమ గురించి బయటివాడు చెప్పిన మాట కూడా ఒకటుంది. వెనిస్ నుంచి వచ్చిన మార్కో పోలో తన పుస్తకంలో ‘ముత్‌ఫిలి’ అని ఒక రాజ్యం గురించి రాశాడు. అది ఇప్పటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి రేవు. ఒకప్పుడు కాకతీయుల ఓడల వ్యాపారానికి గుమ్మం. ఇక్కడ వజ్రాలు దొరుకుతాయని, సాలెగూడంత సన్నటి బట్ట నేస్తారని రాసి, ఈ దేశాన్ని ఒక తెలివైన రాణి ఏలుతోందని, న్యాయం, శాంతి కోరే మనిషని, ప్రజలకు ఆమె అంటే చాలా ఇష్టమని మెచ్చుకున్నాడు. అక్కడే ఒక తప్పు కూడా చేశాడు. భర్త చనిపోయాక ఆయన రాజ్యాన్ని నలభై ఏళ్లుగా నడుపుతోంది అన్నాడు. ముందు ఏలింది తండ్రి గణపతిదేవుడు. ఆడమనిషి గద్దె మీద ఉంటే అది మొగుడిదే అయ్యుంటుందని పాపం ఆయన అంతదూరం నుంచి వచ్చి కూడా అనుకున్నాడు.

“మరి ఆమె మొగని పేరేంది?”

“వీరభద్రుడు. నిడదవోలు చాళుక్యుల అబ్బాయి.”

“ఈ రాయి మీద ఉన్నదా?”

“లేదు.”

అమ్మ మళ్లీ బండ వైపు చూసింది. ఆమె ఏం ఆలోచిస్తోందో నాకు తెలుసు. నేనూ అదే ఆలోచిస్తున్నా.

మా ఊరి హైస్కూల్లో ఆడపిల్లలకి బాత్‌రూములు ఉండేవి కావు. నేను చదివినప్పుడు మధ్యాహ్నం నీళ్లు తాగకుండా సాయంత్రం దాకా ఆగేవాళ్లం. అమ్మ సర్పంచ్ అయ్యాక తన అంతట తను పట్టుబట్టిన పని అదొక్కటే. నాయిన “రోడ్డు వేయిస్తే పేరొస్తది, బాత్‌రూములకి ఎవడు ఓటేస్తడు” అన్నాడు. అమ్మ వినలేదు. ఆరు నెలలు ఆఫీసుల చుట్టూ తిరిగింది. నాయినని తీసుకుపోకుండా, నన్ను తీసుకుపోయేది, బస్సులో. అక్కడ అధికారి “సార్ రాలేదా?” అంటే “నేనే సర్పంచ్‌ని” అనేది మెల్లగా. బాత్‌రూములు వచ్చాయి. ఓపెనింగ్ రోజు నల్లరాయి మీద బంగారు అక్షరాల బోర్డు పెట్టారు. పెద్దవాళ్ల పేర్లన్నీ అయ్యాక, కింద సర్పంచ్ అని నాయిన పేరుంది. ఎవరు చెక్కించారో, ఎవరు చెప్పి చెక్కించారో ఎవరూ అడగలేదు. అమ్మ చప్పట్లు కొట్టింది. నేను మాత్రం ఆ రోజు నాయినతో మాట్లాడలేదు. కారణం ఆయనకి ఇప్పటికీ తెలియదనుకుంటా.

అందుకే అమ్మకి ఇంకో శాసనం గురించి చెప్పాలనిపించింది. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ సచివాలయం ఉన్న వెలగపూడి పక్కనే మల్కాపురం అని ఊరు ఉంది. అక్కడ 1261 నాటి పెద్ద శాసనం ఉంది. గణపతిదేవుడు తన గురువు విశ్వేశ్వర శంభువుకి మందడం గ్రామం ఇస్తానన్నాడు. ఆ మాట నిలబెడుతూ రుద్రమ ఆ ఊరితో పాటు వెలగపూడినీ దానమిచ్చింది. ఆదాయాన్ని మూడు భాగాలు చేశారు. ఒకటి గుడికి. ఒకటి మఠానికి, చదువుకునే పిల్లలకి. మూడోది సత్రానికి, ఆరోగ్యశాలకి, ప్రసూతిశాలకి.

“ప్రసూతి అంటే, కాన్పులదా?”

“అవును. ఏడువందల యాభై ఏళ్ల కింద.”

“ఆమె పేరున్నదా దాని మీద?”

“ఉంది.”

“ఊ” అంది అమ్మ. లేచి చెప్పులు వేసుకుంది.

రాయితో ఫొటో దిగమంటే ముందు వద్దంది. తర్వాత తనే పక్కకి వచ్చి, కొంగు సర్దుకుని, “అక్షరాలు పడేటట్టు తియ్యి” అంది. పన్నెండు గంటల ఎండకి అక్షరాలు సరిగ్గా కనిపించవు. వెళ్లాలనుకునే వాళ్లకి చెబుతున్నా, పొద్దున్నే వెళ్లండి, ఏటవాలు వెలుతురు ఉన్నప్పుడు గీతలు లేచి కనిపిస్తాయి. నకిరేకల్ దాకా బస్సులు బోలెడు, అక్కడి నుంచి ఆటో మాట్లాడుకోవచ్చు. సుద్దముక్కతో అక్షరాల మీద దిద్దకండి, రాయి పాడవుతుంది. చూడ్డానికి పావుగంట చాలు. మాకు రెండు గంటలు పట్టింది.

తిరుగు దారిలో నకిరేకల్‌లో నిమ్మకాయలు కొన్నాం. హైదరాబాద్ వెళ్లకుండా బండిని మా ఊరి వైపు తిప్పమంది అమ్మ. ఊళ్లోకి పోయేసరికి నాలుగైంది. స్కూల్ వదిలేశారు, గేటు దగ్గరగా వేసి ఉంది. అమ్మ తోసుకుని లోపలికి వెళ్లింది. ఆ నల్లరాయి బోర్డు గోడకి అలాగే ఉంది, బంగారు రంగు పోయి, నాయిన పేరులో రెండక్షరాలు అరిగిపోయి. అమ్మ దాని ముందు నుంచే నడిచింది, ఆగలేదు. బాత్‌రూముల తలుపులు ఒక్కొక్కటీ తోసి చూసింది. మూడోదాని గడియ ఊడిపోయి ఉంది. నల్లా తిప్పింది.

“నీళ్లొస్తున్నయి” అంది. తర్వాత ఫోన్ తీసి, గడియ సంగతి చెప్పడానికి హెడ్‌మాస్టర్ నంబర్ వెతకడం మొదలుపెట్టింది.