చిమ్నీలు చూసి వెళ్లాల్సిందే

ఉక్కు నగరంలో యాత్రికుడికి ఉక్కు కనిపించదు

దేశం నలుమూలలా రైళ్లు పరుగెత్తేది ఎక్కువగా భిలాయిలో తయారైన పట్టాల మీదే. సోవియెట్ సహకారంతో నిర్మించిన ఈ కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. 130 మీటర్ల పట్టా ఎర్రగా కాలుతూ ఒకే ముక్కగా బయటికొచ్చే దృశ్యం ఏ కళాఖండానికీ తీసిపోదు. కానీ ముందస్తు అనుమతి లేకపోతే సీఐఎస్‌ఎఫ్ జవాన్లు గేటు దగ్గరే ఆపేస్తారు.

ఈ కట్టడికి కారణం లేకపోలేదు. 2014, 2018లలో జరిగిన గ్యాస్ ప్రమాదాలు ఇక్కడ పలువురి ప్రాణాలు తీశాయి. కరిగిన ఇనుము పక్కన విహారయాత్రలు కుదరవు. మరి దూరం నుంచి వచ్చినవారికి మిగిలేదేమిటి? సివిక్ సెంటర్‌లోని నెహ్రూ ఆర్ట్ గ్యాలరీలో బొమ్మలు, భారత-సోవియెట్ స్నేహానికి గుర్తుగా 1972లో వెలసిన మైత్రీబాగ్‌లో తెల్లపులులు. ఉద్యోగాలకొచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు బంధువులకు చూపించేవీ ఇవే. ఉక్కు మాత్రం గోడ అవతలే.

జర్మనీలోని ఫోల్క్‌లింగెన్ ఇనుప కర్మాగారం 1986లో మూతపడ్డాకే ప్రపంచ వారసత్వ కట్టడమై సందర్శకులను పిలిచింది. భిలాయి అంతదాకా ఆగనక్కర్లేదు. ప్రజల సొమ్ముతో కట్టిన కొలిమిని, అది మండుతుండగానే, సురక్షితమైన దూరం నుంచి ప్రజలకు చూపించే ఒక అద్దాల గది చాలు.