చంకలో నీలి బిళ్ల

"చంకలోంచి పద్దెనిమిది గ్రంథులు తీశామమ్మా. ఒక్కదాంట్లోనూ క్యాన్సర్ లేదు" అన్నాను, బయాప్సీ రిపోర్టు చూపిస్తూ. 2006 సంగతి. శుభవార్త చెబుతున్నాననే అనుకున్నాను. గుంటూరు జిల్లాలో మిరప కోతలకు వెళ్లే మనిషి ఆవిడ. రిపోర్టు వంక చూడనైనా చూడలేదు. "ఏం లేనప్పుడు అన్నీ ఎందుకు తీశారు బాబూ?" అంది.

తీసి చూస్తేగానీ తెలియదు కదమ్మా అన్నాను. మా ఆసుపత్రి మట్టుకు ఆనాటికి అది అబద్ధం కాదు.

రెండేళ్లకు, గ్రంథులు తీసిన వైపే, ఆవిడ ఎడమ చెయ్యి నీరు పట్టింది. మొదట గాజులు బిగిశాయి. తర్వాత సబ్బు నురగ రాసినా దిగలేదు. చివరికి పగలగొట్టుకోవాల్సి వచ్చింది. భర్త పక్కనే ఉన్నాడు, ఆ మాట చెప్పేటప్పుడు గొంతు బాగా తగ్గించింది. మిరప కొమ్మ గీరుకుంటే చాలు, చెయ్యంతా ఎర్రబడి చలిజ్వరం. ఆ చేత్తో బరువులు ఎత్తొద్దు, గీతలు పడనివ్వొద్దు, బీపీ కూడా రెండో చేతికే చూపించుకో అని మేం కాగితం రాసిచ్చేవాళ్లం. కూలికి వెళ్లే మనిషి ఆ కాగితాన్ని ఏం చేసుకుంటుందో ఆలోచించినట్టు లేదు.

మేం నేర్చుకున్న రొమ్ము సర్జరీకి ఆద్యుడు బాల్టిమోర్‌లోని విలియం హాల్‌స్టెడ్. 1894లో ఆయన ప్రకటించిన పద్ధతిలో రొమ్ము, ఛాతీ కండరాలు, చంకలోని గ్రంథులు అన్నీ ఒకే ముద్దగా వచ్చేసేవి. తర్వాతి తరాలు కండరాలను వదిలేశాయి గానీ చంకను చాలాకాలం వదల్లేదు. గ్రంథుల్లో క్యాన్సర్ ఉందా, ఉంటే ఎన్నింట్లో ఉంది అన్నది తేలితేనే కీమో, రేడియేషన్ లెక్క తేలేది మరి. అంటే చాలామందికి మేం చంక ఖాళీ చేసింది సమాచారం కోసం. ఈ మాట ఇంత సూటిగా ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

కాల్లో ముల్లు విరిగి చీము పడితే గజ్జల్లో బిళ్ల కడుతుందని మన ఊళ్లలో తెలియనివాళ్లుండరు. కాలికి గజ్జలెలాగో రొమ్ముకు చంక అలాగ. చంకలో ఇరవై ముప్ఫై గ్రంథులున్నా, గడ్డ వైపు నుంచి వచ్చే లింఫ్ అనే ద్రవం ముందుగా ఒకటి రెండింటికే చేరుతుంది. వాటినే సెంటినల్ నోడ్లు అంటాం. 1990ల తొలినాళ్లలో డేవిడ్ క్రాగ్ రేడియోధార్మిక పదార్థంతోను, అర్మాండో జూలియానో నీలి రంగుతోను రొమ్ము క్యాన్సర్‌లో వాటిని వెతికి పట్టుకున్నారు. అవి శుభ్రంగా ఉంటే మిగతా చంక జోలికి పోనక్కర్లేదు. ఈ సంగతే ఒక పేషంటు భర్తకు చెబుతుంటే, కృష్ణా డెల్టా రైతు, "తూము పక్క చేను తడవకుండా శివారు చేనుకు నీళ్లెక్కడొస్తాయండీ" అన్నాడు. ఆ వెంటనే, "మధ్యలో గండి పడితే తప్ప" అని తనే అన్నాడు.

గండ్లు పడతాయి. బి-32 అనే అమెరికన్ పరిశోధనలో, చంకలో క్యాన్సర్ ఉన్నవాళ్లలో దాదాపు పదిమందికొకరికి సెంటినల్ నోడ్ మాత్రం శుభ్రంగా కనిపించింది. చిత్రంగా, దానివల్ల ఆయుష్షులో తేడా రాలేదు.

మా థియేటర్లో రేడియోధార్మికతను పసిగట్టే గామా ప్రోబ్ లేదు. ఉన్నది మిథిలీన్ బ్లూ అనే నీలి రంగు, చవక. మత్తిచ్చాక చనుమొన చుట్టూ కొద్దిగా ఎక్కించి ఐదు నిమిషాలు మెల్లగా మర్దన చేస్తాం. కాసేపటికి పల్స్ ఆక్సిమీటర్ అంకె పడిపోతుంది. ఆక్సిజన్ బాగానే ఉంటుంది, రంగును చూసి యంత్రం మోసపోతుందంతే. ఆ సంగతి తెలిసి కూడా మత్తు డాక్టరు నా వంక ఒకసారి చూస్తారు. చంకలో చిన్న కోత పెట్టి, కొవ్వును పక్కకు తోస్తూ పోతే ఒకచోట నీలం దారప్పోగు తగులుతుంది. దాన్ని లాగకూడదు. తెగిందా, రంగు ఒలికి అంతా నీలమే. పోగు వెంటే పోతే చివర చింతగింజంత బిళ్ల, సగం నీలం, సగం లేత గులాబీ. వేలికి గట్టిగా తగిలినవి ఉంటే, రంగు ఎక్కకపోయినా వాటినీ తీస్తాను. పెథాలజిస్టు వాటిని గడ్డకట్టించి, పల్చగా కోసి చూసి, ఓ అరగంటలో ఫోన్ చేస్తారు. ఈలోగా రొమ్ములో పని చేసుకుంటుంటాను, చెవి మాత్రం ఫోన్ వైపే.

నేను మొదటిసారి ఇది చేసిన మర్నాడు, తెల్లవారకముందే వార్డు నర్సు ఫోన్ చేసింది. పేషంటుకు మూత్రం ఆకుపచ్చగా వస్తోందట, అత్తగారు ఏడుస్తున్నారట. రంగు అలా బయటికి పోతుందని ముందుగా చెప్పడం మరిచిపోయాను. ఇప్పుడు ఆపరేషన్ గురించి చెప్పే మొదటి మాటే అది.

ఆ మధ్య ఒక టీచరమ్మకు గడ్డ వరకే తీసి రొమ్ము నిలిపాం. రెండు సెంటినల్ నోడ్లలో ఒకదాంట్లో క్యాన్సర్ ఉందని తుది రిపోర్టు వచ్చింది. అమెరికాలో ఉన్న కొడుకు ఫోన్లో, "మిగిలినవీ తీసేస్తే పీడా పోతుంది కదా సార్" అన్నాడు. ఇలాంటి 891 మందిపై చేసిన జడ్-11 పరిశోధన సంగతి చెప్పాను. రేడియేషన్, మందులు ఇచ్చాక, చంక మొత్తం తీయించుకున్నవాళ్లలో పదేళ్లకు 84 శాతం మంది, తీయించుకోనివాళ్లలో 86 శాతం మంది బతికి ఉన్నారు. కుర్రాడికి నమ్మకం కుదరలేదు. ఆవిడ ఫోన్ తీసుకుని, "జడ వేసుకునేది నేను గదరా" అంది. అక్కడితో ఆపేశాం. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు, ఆ మాట కూడా చెప్పాలి.

ఇదంతా చేతికి బిళ్లలు తగలనివాళ్ల సంగతి. మా ఓపీలో చాలామంది వచ్చేసరికే చంకలో బిళ్లలు కట్టి ఉంటాయి. ముందు కీమో ఇచ్చినా, వాళ్లలో కొందరికి ఈనాటికీ చంక మొత్తం తియ్యక తప్పదు. అటు ఇటలీలో, గడ్డ రెండు సెంటీమీటర్ల లోపుండి అల్ట్రాసౌండ్‌లో చంక శుభ్రంగా కనిపిస్తే సెంటినల్ నోడ్ కూడా ముట్టనక్కర్లేదని 2023లో చూపించారు. చదివాను, ఒప్పుకున్నాను. చెయ్యి ఇంకా వెనకాడుతోంది.

మిరప కోతల ఆవిడ ఇప్పటికీ ఆర్నెల్లకోసారి వస్తుంది. చేతికి వేసుకునే బిగుతు తొడుగు ఈసారి సాగిపోయి ఉంది. కొత్తదానికి కొలత కోసం మోచేతి పైన టేపు చుట్టాను. రెండు చేతులకీ తేడా మూడు సెంటీమీటర్లు, పోయినసారి మూడున్నర.

"తగ్గిందా బాబూ?"

"అర సెంటీమీటరు."

చెయ్యి చాపి, అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "గాజు ఎక్కుద్దా?" అంది.