కంటి క్రింది గుంటలు

మా యక్కయ్య కన్నులను గూర్చి వ్రాయుటకు ఆమె యనుమతి నిచ్చినది. "నా పేరు వ్రాయకు, ఊరి పేరు అసలే వ్రాయకు" అని రెండు నియమములు మాత్రము పెట్టినది. కావున ఆ రెండును విడిచి తక్కినది వ్రాయుచున్నాము.

అక్కయ్య మాకంటె పదునారేండ్లు పెద్ద. మా తల్లిగారు మా పసితనముననే గతించుటచే మాకు తల దువ్వినదియు, అన్నము కలిపి పెట్టినదియు ఆమెయే. తండ్రిగారు మమ్ము బడికి పంపక యింటనే అమరమును, రఘువంశమును, పిదప ప్రబంధములను చెప్పుచుండగా, పాఠము అప్పగించునప్పుడు వంటింటినుండి తప్పులు పట్టినదియు ఆమెయే. ఆమెకు వయసునుండియు క్రింది రెప్పలు కొంచెము ఉబ్బి యుండెడివి. మా నాయనమ్మగారికిని అట్లే యుండెడివట.

2010 లో మా వివాహమైన నెలకు ఫొటోల పుస్తకము వచ్చినది. చుట్టములు పదిమంది చుట్టు మూగి చూచుచుండిరి. కొత్త పెండ్లికూతురమను గర్వమున మాకు నోటికి అడ్డు లేకపోయినది. "అక్కయ్యా, కన్నుల క్రింద ఆ సంచులలో ఏమి దాచితివి?" అంటిమి. అందఱు నవ్విరి. అక్కయ్యయు నవ్వినది. మఱుసటి యేడు వేసవిలో, చుట్టపుచూపుగా పోవుచున్నానని చెప్పి యొక మహానగరమునకు పోయి, అచ్చటి వైద్యశాలలో ఆ సంచులు తీయించుకొని వచ్చినది. నల్లకండ్లద్దములు పెట్టుకొని గుమ్మమున దిగిన యామెను చూచి మాకు మాట రాలేదు.

మొదటి నాలుగైదేండ్లు ఎవరిని చూచినను మెచ్చుకొనువారే. రెప్పలు నున్నగా, ముఖము తేటగా నుండెను. మేమును మా యపరాధము గడచిపోయినదని సంతోషించితిమి. పిదప, ఎప్పుడని చెప్పలేము, ముక్కు మొదటినుండి బుగ్గవైపునకు ఒక గాడి తీరినది. ఏటికేడు అది లోతైనది. దానిపైనున్న చర్మము ఉల్లిపొరవలె సన్ననై, నవ్వినప్పుడు వందల మడతలు పడి, నవ్వు మానిన తరువాతను ఆ మడతలు కొన్ని నిలిచియుండెడివి. ఏబదిరెండేండ్ల యక్కయ్యను పేరంటమునకు వచ్చిన ప్రతి స్త్రీయు "ఒంట్లో బాగులేదా? రాత్రి నిద్ర లేదా?" అని యడుగుట మొదలిడిరి. నిద్ర చక్కగా పట్టుచున్న మనిషికి ఈ పరామర్శ ఎంత కష్టమో అనుభవించినవారికే తెలియును.

కీరదోస చక్రములు పెట్టినది, బాదమునూనె రాసినది. కీరదోస చల్లదనము ఉదయపు వాపును కొంత తగ్గించును గాని గుంటను నింపునా?

గత కార్తికమున ఫోను చేసినది. మాఘమాసములో కూతురి పెండ్లి. తమ వీధి చివరనున్న సౌందర్యశాలలో "ఒక్క సూది, అరగంట, గుంట పూడిపోవును" అనిరట. బయానా కూడ ఇచ్చినదట. సూది వేయువారు వైద్యము చదివినవారేనా యని యడిగితిమి. "కోర్సు చేసినదట" అన్నది. ఆ మాట విని మాకు గుండె దడదడలాడినది. మావారు పాఠశాలలో పరీక్షల దినములగుటచే సెలవు దొరకక, రైలు టిక్కెట్టు కొని యిచ్చి, సూదులను గూర్చి తమ యభిప్రాయమును ముప్పావుగంట సేపు చెప్పి మమ్ము సాగనంపిరి. అక్కయ్యను వెంటబెట్టుకొని, కంటిరెప్పల శస్త్రవైద్యమునందు ప్రత్యేకముగా నేర్పు గడించిన యొక డాక్టరమ్మగారికడకు పోతిమి.

ఆమె మొదట సూది మాట ఎత్తలేదు. అక్కయ్యను దీపము క్రింద నిలుపుమనిరి. గుంట కాటుక పూసినట్లు నల్లగా కనబడెను. పిదప టార్చిదీపమును ముఖమునకు ఎదురుగా పట్టిరి. నలుపు ముక్కాలు వంతు మాయమైనది. "నలుపులో హెచ్చుభాగము రంగు కాదమ్మా, నీడ. రంగైనచో ఎటు వెలుగు పట్టినను పోదు" అనిరి. ఈ పరీక్ష ఇంట అద్దము ముందు ఎవరైనను చేసికొనవచ్చును. తెల్లబఱచు లేపనములకు పోయు సొమ్ము కొంత మిగులును. తరువాత క్రింది రెప్పను వ్రేలితో క్రిందికి లాగి విడిచి, అది ఎంత త్వరగా స్వస్థానమునకు చేరునో చూచిరి. కన్ను ఆరిపోయినట్లు మండునా యని యడిగిరి. నల్లగ్రుడ్డు క్రింద తెలుపు కనబడుచున్నదా యని కొలిచిరి. థైరాయిడు పరీక్ష వ్రాసిరి. ఇంతయు ఎందులకని మేమడుగగా, ఒకసారి కోతపడిన రెప్పకు మరల ఏమి చేసినను అది క్రిందికి లాగికొనిపోవు భయమున్నదనియు, అట్లయినచో కన్ను పూర్తిగా మూయబడక ఎండిపోవుననియు చెప్పిరి.

ఆమె కాగితముపై బొమ్మ గీచి చెప్పినది మాకు తెలిసినంతవఱకు చెప్పెదము. కంటిగ్రుడ్డు ఎముక గూటిలో క్రొవ్వు పరుపుమీద కూర్చుండి యుండును. క్రింది రెప్ప వెనుక ఆ క్రొవ్వు మూడు ముద్దలుగా నుండును. ముక్కువైపున ఒకటి, నడుమ ఒకటి, చెవివైపున ఒకటి. వానిని వెలికి రానీయక పలుచని పొర యొకటి అడ్డు నిలుచును. ఆ పొర సడలినప్పుడు, కొందఱికి పుట్టుకతోనే బలహీనమైనప్పుడు, క్రొవ్వు ముందుకు త్రోసికొని వచ్చును. అదియే సంచి. 1951 లో కాస్టనారెస్ అను శస్త్రవైద్యుడు ఈ ముద్దలను వేఱువేఱుగా వర్ణించి వ్రాసెను. ఆ పిమ్మట చాలకాలము సంచి కనబడినచో క్రొవ్వు తీసివేయుటయే పద్ధతియైనది. 1981 లో బ్రెజిలు దేశపు వైద్యుడు లోబ్, ఆ క్రొవ్వును పాఱవేయక క్రింది గాడిలోనికి జరుపవచ్చునని చూపెను. 1995 లో అమెరికాలో హామ్రా యను నాతడును క్రొవ్వును కాపాడుకొనవలెననియే వ్రాసెను. అక్కయ్యకు చేసినది పాత పద్ధతి. చేసినవారి కత్తి చక్కగానే నడచినది. మచ్చ వెదకినను కనబడదు. తీసినది మాత్రము హెచ్చైనది.

అది అప్పుడే ఏల తెలియలేదు? నలుబది యేబది యేండ్లు వచ్చుసరికి బుగ్గలోని క్రొవ్వు తగ్గి జారును. కంటి గూటి ఎముక అంచు సయితము కొంత వెనుకకు తగ్గును. అంతకుముందు పొంగియున్న రెప్పగలవారికి ఆ వేళకు గాదెలో గింజలు కొన్ని మిగిలియుండును. తీయించుకొన్నవారికి గాదె ఖాళీ.

ఇచ్చట మాకొక సంగతి తట్టినది. మా తండ్రిగారి పెట్టెలో సుశ్రుతసంహిత యుండెడిది. అందు ఉత్తరతంత్రమున డెబ్బదియాఱు నేత్రరోగములు చెప్పబడినవి. పక్ష్మకోపమను రోగమున రెప్పవెండ్రుకలు లోనికి తిరిగి కంటిని పొడుచును. దానికి కనుబొమ క్రింద రెప్పచర్మమును యవధాన్యపు గింజ ఆకారమున, గింజంత కొలతన కోసి వెండ్రుకతో కుట్టవలెనని విధి. చిన్నప్పుడు ఆ గింజ కొలత విని నవ్వుకొంటిమి. డాక్టరమ్మగారి గదిలో నవ్వు రాలేదు. ఇక మేము చదివిన ప్రబంధములలో కన్నులను కలువలన్నారు, చేపలన్నారు, లేడికన్నులన్నారు; కన్ను క్రింది చోటును పట్టించుకొన్న కవి మాకు తగులలేదు. నాయికలందఱు పదునాఱేండ్లవారగుటచే కాబోలు.

మరల విషయమునకు వచ్చెదము. అక్కయ్యకున్నవి రెండు వేర్వేఱు బాధలు. ఒకదాని మందు రెండవదానికి పనిచేయదు. గుంట లోపలి కొఱత. ముడుత పైచర్మపు కొఱత. చర్మము రెప్పయొద్ద దేహమంతటిలో మిక్కిలి పలుచన, అర మిల్లీమీటరు మాత్రపు మందము. ఎండయు వయసును దానిలోని సాగుదలను హరించును. దానికి పగలు జింకు ఆక్సైడు గల సన్‌స్క్రీను, బయటికి పోవునపుడు కండ్లద్దములు; రాత్రులు వారమునకు రెండు మూడుసార్లు, విటమిను ఏ జాతికి చెందిన రెటినాల్ లేపనము పెసరగింజంత, రెప్ప అంచున గాక క్రింది ఎముకమీద. గర్భవతులు దీనిని వాడరాదు. ఫలము నెలలమీద గాని కనబడదు. కాటుకను కొంగుతో రుద్ది తుడుచుకొనుట మానుమని గట్టిగా చెప్పిరి. అక్కయ్య ఆ చీరకొంగునే వ్రేలికి చుట్టుకొని వినుచుండెను. లేజరు కలదు, యాసిడు పూతలు కలవు. కాని మన చామనచాయ మేనులపై కాలిన చోట నలుపు మిగులు భయము హెచ్చు. కోతపడిన రెప్పకు చర్మము ముడుచుకొనుట మఱియు చేటు. కావున వానిని ప్రస్తుతము వలదనిరి.

గుంటకు దారులు రెండు. ఒకటి, పొట్టనుండియో తొడనుండియో సొంత క్రొవ్వు తీసి పెట్టుట. ఇది క్రొత్త యూహ కాదు. 1893 లోనే జర్మనీలో నాయ్‌బర్ అను వైద్యుడు చేతి క్రొవ్వు తీసి ముఖమందలి గుంటమచ్చను పూడ్చెను. పెట్టినదంతయు బ్రదుకదు, బ్రదికినది గడ్డకట్టినచో ఈ పలుచని చర్మము క్రింద దాగదు, తీయుటయు కష్టము. రెండవది హయలురోనిక్ యాసిడు జెల్లీ, అనగా ఫిల్లరు. సౌందర్యశాలవారు చెప్పిన సూది ఇదియే. ఇది నీటిని పట్టియుంచు పదార్థము. హెచ్చైనచో ఉబ్బును, పైపైన పెట్టినచో చర్మము క్రింద నీలపు చాయ తోచును. నచ్చకున్నచో హయలురోనిడేసు అను మందుతో కరిగింపవచ్చుట దీని మేలు. అమెరికాలో ఒక జాతి ఫిల్లరునకు కంటి క్రింది గుంటకై 2022 లో గాని అనుమతి రాలేదు.

"చేటు ఏది?" అని మేమడిగితిమి. డాక్టరమ్మగారు కలము క్రింద పెట్టి చెప్పిరి. సూది నాళములోనికి దిగి, ఆ జెల్లీ రక్తముతో వెనుకకు నడచి కంటి నాళమును మూసినచో చూపు పోవును. అరుదే, కాని పోయిన చూపు సాధారణముగా తిరిగి రాదు. అట్టి యాపద క్షణములలో గుర్తుపట్టి, విఱుగుడు మందు చేతికందునట్లు పెట్టుకొనని చోట సూదికి కూర్చుండరాదు. అక్కయ్య మావైపు చూడక, "బయానా పోనీ" అన్నది.

పెండ్లికి మూడు మాసములుండెను. నేడే కొంచెము పెట్టుమని అక్కయ్య ప్రాధేయపడినది. పాతకోత వలన రెప్పలలో నీరు తీయు సన్ననాళములు చెదరియుండుననియు, వాపు వచ్చినచో వారములు నిలువవచ్చుననియు, పెండ్లి ముందు ప్రయోగము వలదనియు ఆమె ఒప్పుకొనలేదు. మాకు ఆ క్షణమున ఆమెమీద గౌరవము కలిగినది. మొదటినాడే చేతికి వచ్చిన సొమ్మును వలదనుట సులభము కాదు.

తిరుగు రైలులో మేము కిటికీవైపు చూచుచు అడిగితిమి: "ఫొటోల నాటి మాట నీకు జ్ఞాపకమున్నదా?"

"ఉన్నది."

"దానివలననేనా?"

కొంతసేపటికి అన్నది: "అద్దము అంతకుముందే అనుచుండెనే. నీవు అనకున్నను పోయెడిదాననేమో. కాని నీవు అనకుండినచో బాగుండెడిది, అంతమంది యెదుట."

మేము క్షమాపణ చెప్పితిమి. పదునాలుగేండ్లు ఆలస్యముగా చెప్పిన మాటకు ఏమి విలువయో తెలియదు. ఆమె డబ్బా తెఱచి పులిహోర మా చేతిలో పెట్టినది.

మాఘమున పెండ్లి జరిగినది. ఫొటోగ్రాఫరును మావారు ముందుగా పిలిచి, తలపైనుండి వెలుగు పడనీయక ఎదుటనుండి మెత్తని దీపము పెట్టుమని చెప్పిరి. టార్చి పరీక్ష ఆయనకు మేమే చెప్పియుంటిమి. చైత్రమున అక్కయ్య ఒంటరిగా పోయి ఫిల్లరు వేయించుకొన్నది. ఒక్కొక్క కంటికి అర మిల్లీలీటరుకంటె తక్కువ. రెండు నెలల తరువాత మఱికొంచెము. గాడి సగము పూడినది. ఉల్లిపొర ముడుతలు కొంచెము తగ్గినవి. నవ్వినచో పడుచునే యున్నవి. ఎడమ కంటి క్రింద ఉదయమున వాపు తోచి పది గంటలకు తీయునట. డాక్టరమ్మగారు దానిని చూచి, పెరిగినచో కరిగింతుమనిరి, ఇంక పెట్టమనిరి.

నిన్న ఫోనులో ఆ వాపు సంగతి అడిగితిమి. మనుమరాలు పుట్టబోవుచున్నదో మనుమడో యను చర్చలోనుండి తేరుకొని, "నేడు చూచుకొననే లేదు" అన్నది.