కోటు మీద పేరు

కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీలో చదివినంత కాలం నేనొక రోల్ నంబర్ని. 2007 చట్టం ముస్లింలలోని వెనుకబడిన వర్గాలకిచ్చిన 4 శాతం బీసీ-ఇ కోటాలో వచ్చిన సీటు నాది. హౌస్ సర్జన్‌నయ్యాక పుస్తకాలు పక్కకెళ్ళాయి. రక్తం తీయడం, కుట్లు వేయడం, తెల్లవార్లూ క్యాజువాలిటీలో నిలబడటం. వాటికి నెలలో అలవాటుపడ్డాను. పేరుకి అలవాటుపడటమే కష్టమైంది.

కోటు మీద నా పేరు చదివి ఒక కోనసీమ పెద్దాయన, "సాయిబులా? తెలుగు ఎంత బాగా మాట్టాడతన్నారండీ!" అన్నాడు. మెచ్చుకున్నాననే అనుకున్నాడు. గోదావరి నీళ్ళు తాగి పెరిగినదాన్ని, ఇంకే భాష మాట్లాడాలి?

అదే పేరు చూసి బురఖాలో ఉన్న ఒకావిడ, ఏ డాక్టరుకీ చెప్పుకోని నొప్పిని ఉర్దూలో నాకు చెప్పుకుంది.

ఆయనకి నా తెలుగు వింత. ఆవిడకి నా ఉర్దూ ధైర్యం. రెండూ మా అమ్మీ ఒళ్ళో నేర్చినవే. ఏదీ అరువు తెచ్చుకోలేదు.