గడప వెంట తెచ్చుకున్నారు

శ్రీశైలం జలాశయం కోసం 1981లో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కృష్ణ ఒడ్డు ఊళ్లను ఖాళీ చేయించారు. మునిగిపోయే కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో మళ్లీ కట్టారు.

మనుషుల ఇళ్లకు అంత ఏర్పాటు ఎక్కడిది?

అందుకే ముంపు ఊళ్లవాళ్లు దూలాలు, వాసాలు, ద్వారబంధాలు తామే ఊడదీసి బండెక్కిస్తారు. కలప ఖరీదు ఒక కారణమే. ఏళ్ల తరబడి పసుపు ఇంకిన గడప, మామిడాకుల తోరణాలకు కొట్టిన మేకుల బొక్కలు ఏ అంగట్లో దొరుకుతాయి? కొత్త ఇంటి గోడలు పరాయివైనా, కాలికి తగిలే గడప పాతదే.

బెంగ దీనితో తీరదు. అయినా ఇల్లు విప్పుతున్నంతసేపూ, పోగొట్టుకుంటున్నదాన్ని చేత్తో తాకుతూ వీడ్కోలు చెప్పే వీలుంటుంది. పరిహారం లెక్కగట్టే అధికారులు ఆ పనికి తగినంత గడువు కూడా ఇచ్చి తీరాలి.